పుట్టినరోజు విందులో ఎవరి వాటా?



బాన్సువాడ ప్రాంతంలో ఒకప్పుడు పుట్టినరోజు పండుగ అంటే దొరల ఇళ్ళలో, ఉద్యోగస్థుల ఇళ్ళలో మాత్రమే వినిపించే ముచ్చట. మన పెద్దలలో చాలామందికి తాము ఏ తేదీన పుట్టారో తెలియదు. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. దానినే గుర్తుగా పెట్టుకొని, "కట్ట కట్టేనాడు మా నాయన పాలు తాగే పిల్లగాడు" అని వయసు లెక్క చెప్పిన ముసలివారు ఉన్నారు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు అంచనాగా ఒక తేదీ వేస్తే జీవితాంతం అదే పుట్టినతేదీ అయ్యేది. ఒక్కచోట మాత్రం అంచనాకు తావు లేదు. విచారణలోని జ్ఞానస్నాన పుస్తకంలో ఆ బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, స్నానమిచ్చిన గురువు సంతకం, తేదీ ఉన్నాయి. లోకం లెక్కపెట్టని పేదవాని బిడ్డను శ్రీసభ పేరు పెట్టి, తేదీ వేసి లెక్కలోకి తీసుకుంది. ఈ మాట మనసులో ఉంచుకోండి. చివరికి దీని అవసరం పడుతుంది.

ఇప్పుడు కాలం మారింది. కూలి చేసుకునే ఇంట కూడా బిడ్డ పుట్టినరోజు వస్తే గోడకు బుడగలు కడుతున్నారు. బేకరీ నుంచి కేకు వస్తుంది. హోటలు నుంచి బిర్యానీ, సాలన్, పెరుగు పచ్చడి పార్సిల్ వస్తాయి. చుట్టాలు పది మంది కూడుతారు. గంటలో పండుగ ముగుస్తుంది. ఇది మంచిదా, చెడ్డదా అని నన్ను అడిగేవారు చాలామంది ఉన్నారు. ఈ వారం ఈ పండుగను గురించే కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

హోటలు అన్నం తెస్తే పాపమా?

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరు, పేరు అక్కరలేదు. ఆ ఇంటి కొడుకు కువైటులో పని చేస్తున్నాడు. కోడలు ఇంట్లో బీడీలు చుడుతుంది. అత్తగారికి డెబ్బై దాటాయి. మనుమరాలి పుట్టినరోజుకు కోడలు హోటలు నుంచి బిర్యానీ తెప్పించింది. ముసలామె ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "కడుపుల మంచిగ లేదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల అవ్వ దగ్గరికి కేకు ముక్క తీసుకొని పోయి, తిరిగి తెచ్చి గిన్నెలో పెట్టి ఏడ్చింది. తరువాత రెండు వారాలు అత్తాకోడళ్ళకు మాటలు లేవు.

ఆదివారం పూజ తరువాత ముసలామె నా దగ్గరికి వచ్చింది. "ఫాదర్, పొయ్యి ముట్టియ్యకుండ పండుగ జేస్తరా? మా దినాలల్ల బగార అన్నం, కోడికూర ఇంట్లనే వండి పదిమందికి పెట్టినం. ఇప్పుడు కవర్ల అన్నం తెచ్చి నా ముంగట పెట్టిర్రు" అన్నది.

మరునాడు కోడలు వచ్చింది. "ఫాదర్, పొద్దున లేస్తే తునికాకు కత్తిరించుడు, చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుట్టుడు. వెయ్యి బీడీలు అయితెనే కూలి లెక్క. ఏటా పిల్ల పుట్టినరోజు నాడు పొయ్యికాడనే ఉంటి. ఈ ఒక్క ఏడు పిల్ల పక్కన కూసోని దాని మొకం చూసిన. అది తప్పా?" అన్నది.

ప్రియులారా, మీరే తీర్పు చెప్పండి. ఇద్దరిలో ఎవరిది తప్పు?

ముందుగా అన్నం సంగతి చూద్దాం. మరొకరు వండిన అన్నాన్ని మూటగట్టి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. మన రైతుకూలీలు తరతరాలుగా సద్దిమూటతోనే బ్రతికారు. ఇంట్లో వండినది పొలం గట్టు మీద తిన్నారు. పవిత్ర గ్రంథంలో కూడా మూటగట్టిన అన్నాలు చాలా ఉన్నాయి. యుద్ధభూమిలో ఉన్న అన్నలకు వేయించిన ధాన్యం, పది రొట్టెలు ఇచ్చి రమ్మని యిషాయి తన చిన్న కొడుకు దావీదును పంపాడు. సైన్యాధిపతికి పది జున్నుముక్కలు కూడా కట్టి ఇచ్చాడు (1 సమూవేలు 17:17-18). ఆ భోజనం మోసుకొని పోయిన పిల్లవాడే గొల్యాతును ఎదిరించాడు. ఇక దానియేలు గ్రంథం 14వ అధ్యాయం చదవండి. హబక్కూకు ప్రవక్త పంట కోసేవారికి పులుసు, రొట్టెలు తీసుకొని పొలానికి పోతుంటే దేవదూత ఆపి, ఆ భోజనాన్ని బబులోనులో సింహాల గుంటలో ఉన్న దానియేలుకు ఇమ్మన్నాడు. "నేను బబులోను చూడనే లేదు" అని ప్రవక్త అంటే, దూత అతని తలవెండ్రుకలు పట్టి ఎత్తుకొని పోయి గుంట దగ్గర దింపాడు. ఆకలితో ఉన్న తన సేవకుని దేవుడు మరువలేదని ఆ కథ చెబుతుంది. అక్కడ వంట ఎవరిదన్నది దేవుడు చూడలేదు. తినవలసినవాడు ఎవరో చూశాడు.

బేతనియాలో మార్త, మరియల ఇంటి సంగతి మీకు తెలిసిందే (లూకా 10:38-42). ప్రభువు మార్త వంటను తప్పుపట్టలేదు. పనుల మధ్య చెదిరిపోయిన ఆమె మనస్సును చూసి జాలిపడ్డాడు. మన ఇళ్ళలో ఎందరు తల్లులు పండుగ పూట పొయ్యి దగ్గరే పొగలో నిలబడిపోయారు? అందరూ తిన్న తరువాత అడుగున మిగిలినది తిన్న తల్లులు ఎందరు? ఒకపూట హోటలు అన్నం తెప్పించి బిడ్డ పక్కన కూర్చున్న తల్లిని ఏ సువిశేషమూ తప్పుపట్టదు. కాబట్టి కోడలిది తప్పు కాదు.

మరి అత్తగారిది తప్పా? అదీ కాదు. ఆమె అడిగినది బగార అన్నం కాదు. యాభై ఏళ్ళు ఆ ఇంటికి వండిపెట్టిన చేతికి ఆ పూట పని లేకుండా పోయింది. "ఇక నువ్వు అక్కరలేదు" అని ఎవరూ నోటితో అనలేదు. ఆ కవర్లు చూడగానే ఆమెకు మాత్రం ఆ మాటే వినిపించింది. వృద్ధాప్యంలో ఆకలి కంటె, రోగం కంటె ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అందుకని వారిద్దరికీ ఒకే సలహా ఇచ్చాను. హోటలు అన్నం రానివ్వండి, కాని ఒక్క వంట మాత్రం ఇంటిదై ఉండాలి. అది అవ్వ చేతిది కావాలి. గిన్నెడు సేమ్యా పాయసం చాలు. వడ్డించేటప్పుడు మొదటి గరిటె ఆమె చేతితో పడాలి. ఆ ఇంట్లో తరువాత వచ్చిన పుట్టినరోజు అట్లాగే జరిగింది. పాయసంలో చక్కెర ఎక్కువైందని పిల్లలు నవ్వారట. ముసలామె కూడా నవ్విందట. మాటలు కలవడానికి అంత చాలు.

ఫరో, హేరోదు, యోబు

పవిత్ర గ్రంథంలో పుట్టినరోజు విందులు చాలా తక్కువ. ఉన్నవి కూడా సంతోషంగా ముగియలేదు. పాత నిబంధనలో ఫరో తన పుట్టినరోజున సేవకులకు విందు చేసి, అదేరోజు తన వంటవాండ్ర పెద్దను ఉరితీయించాడు (ఆదికాండము 40:20-22). కొత్త నిబంధనలో హేరోదు తన పుట్టినరోజున అధికారులను, సేనాపతులను, గలిలయలోని ప్రముఖులను పిలిచాడు. నాట్యం చేసిన పిల్లకు ఏమడిగినా ఇస్తానని అందరి ముందు ప్రమాణం చేశాడు. స్నాపకుడైన యోహాను తల అడిగితే అతని మనసు కలత చెందింది. అయినా అతిథుల ముందు మాట పోతుందని ఒప్పుకున్నాడు (మార్కు 6:21-28). ఆ విందుకు చివరగా వచ్చిన పళ్ళెంలో ఒక ప్రవక్త తల ఉంది.

హేరోదును పడగొట్టినది విందు కాదు, అతిథులు ఏమనుకుంటారో అన్న భయం. ఆ భయం మన ఇళ్ళలో లేదా? ఫలానావారు ఫంక్షన్ హాలులో చేశారు, మనం ఇంట్లో చేస్తే నవ్వుతారని మిత్తికి డబ్బు తెచ్చే తండ్రులు ఉన్నారు. కేకు మీది మైనం వత్తి ఒక్క ఊదుకు ఆరిపోతుంది, దానికోసం చేసిన అప్పు ఏడాదంతా రగులుతూనే ఉంటుంది. పార్సిల్ తేవడంలో తప్పు లేదని చెప్పాను. కాని అది అప్పు చేసి తెచ్చినదైతే, ఆ అన్నం బిడ్డ నోటి దగ్గరి నుంచే తీసినది అవుతుంది.

అయితే మనకు ఆదర్శమైన ఒక విందు కూడా గ్రంథంలో ఉంది. యోబు కుమారులు ఏడుగురూ ఒక్కొక్కరి దినాన ఒక్కొక్కరి ఇంట విందు చేసుకొని, ముగ్గురు అక్కచెల్లెళ్ళను పిలిచేవారు (యోబు 1:4-5). ఆ దినం అంటే పుట్టినరోజే అని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. వరుస ముగిసిన తరువాత తండ్రి యోబు వేకువనే లేచి ఒక్కొక్క బిడ్డ పేరున బలి అర్పించేవాడు. తన బిడ్డలు హృదయంలో ఏ పాపమైనా చేసి ఉంటారేమోనని అతని ఆరాటం. చూడండి, అతడు విందును ఆపలేదు, పిల్లల మీద కోపపడలేదు. వారు పడుకొని ఉండగా లేచి ఒక్కొక్కరికోసం ప్రార్థించాడు. బిడ్డ పుట్టినరోజున అందరికంటె ముందు లేచి, ఆ బిడ్డ పేరు చెప్పి పరలోక జపం చెప్పే తండ్రి మన ఇళ్ళలో ఎందరు?

పూర్వపు క్రైస్తవులు లోకరీతి పుట్టినరోజులను పెద్దగా పట్టించుకోలేదు. 2వ శతాబ్దంలో స్ముర్నా పీఠాధిపతి పునీత పోలికార్పు వేదసాక్షిగా మరణించినప్పుడు, విశ్వాసులు ఆయన ఎముకలను భద్రపరచి, ఆ మరణదినాన్ని ఆయన జన్మదినంగా ఏటేటా జరుపుకోవాలని నిర్ణయించుకున్నారు. పరలోకంలో పుట్టిన రోజే అసలైన జన్మదినమని వారి విశ్వాసం. నేటికీ శ్రీసభ పూజా పంచాంగంలో భూలోక జననం పండుగగా ఉన్నది ముగ్గురికే. డిసెంబరు 25న ప్రభువుకు, సెప్టెంబరు 8న మరియమాతకు, జూన్ 24న స్నాపకుడైన యోహానుకు. దీని అర్థం మన బిడ్డల పుట్టినరోజు పనికిరానిదని కాదు. పుట్టుక దేవుని దానమని, ఆ దానం ఎక్కడికో నడిపించడానికి ఇచ్చినదని గుర్తుపెట్టుకోవాలి.

కలిసి తినడం అంటే

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ స్నేహాన్ని గురించి వ్రాస్తూ, మనుషులు కలిసి జీవించడమంటే మాటలు, ఆలోచనలు పంచుకోవడమని, పశువుల మాదిరి ఒకేచోట మేయడం కాదని చెప్పాడు. ఒకరినొకరు ఎరుగాలంటే కలిసి ఉప్పు తినాలన్న సామెతను కూడా ఆయన గుర్తుచేశాడు. మన తెలుగువారు కూడా ఉప్పు తిన్న విశ్వాసం అంటారు కదా. రెండువేల మూడువందల ఏళ్ళ నాటి ఆ మాటలు నేటి మన ఇళ్ళకు ఎంత చక్కగా సరిపోతాయో చూడండి.

పాతకాలపు బంతి భోజనంలో ఒక అందం ఉంది. మోదుగాకు విస్తళ్ళు వరుసగా పరిస్తే, పక్కవాని విస్తరిలో ఏముందో కనబడుతుంది. అన్నం అయిపోతే పక్కవాడే కేకవేస్తాడు. బంతిలో అందరూ తినేదాకా మొదటివాడు లేవడు. హోటలు పొట్లం విషయంలో జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. ఎవరి డబ్బా వారిది అవుతుంది. ఒకడు టీవీ ముందు, ఒకడు ఫోను చూస్తూ, ఒకడు మేడ మీద, ఒకడు వాకిట్లో. అన్నం ఒక్క హోటలుదే, కాని కుటుంబం నాలుగు చోట్ల తింటుంది. ఇది మేయడమా, కలిసి తినడమా?

2015 నవంబరు 11న సామాన్య దర్శనంలో ఫ్రాన్సిస్ జగద్గురువులు కుటుంబ భోజనాన్ని గురించే మాట్లాడారు. భోజనం బల్ల దగ్గర ఒకరినొకరు వినకుండా ఫోనులకు అంటుకొని ఉంటే అది కుటుంబం కాదు, బాడుగ గదుల సత్రం వంటిదని హెచ్చరించారు. ఆయన 2025 ఏప్రిల్ 21న ప్రభువు సన్నిధికి చేరారు గాని, ఆ హెచ్చరికకు కాలం తీరలేదు.

అయితే ఫోను ఎప్పుడూ శత్రువు కాదు. మన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల నుంచి గల్ఫు దేశాలకు పోయిన తండ్రులు వేలమంది ఉన్నారు. వారికి ఆ చిన్న తెర ఒక్కటే ఇంటి కిటికీ. మనకు రాత్రి 8 గంటలైతే కువైటులో సాయంత్రం 5:30. పని ముగించుకొని గదికి చేరని తండ్రి కోసం అరగంట ఆగండి. అతడు కనబడిన తరువాతే కేకు కోయండి. అతని ముఖం కనబడేలా ఫోనును బల్ల మీద నిలబెట్టి, ప్రార్థన అతనిచేతనే చెప్పించండి. ఆ బిర్యానీ అతని చెమటతో వచ్చినది. అది తినేటప్పుడు అతన్ని మరచిపోవడం కృతఘ్నత.

లేనివారికి వాటా

ప్రియులారా, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పొయ్యి ముట్టించారా, పార్సిల్ తెచ్చారా అన్న ప్రశ్న చిన్నది. దేవుడు అడిగే ప్రశ్న వేరు. లేనివారికి వాటా పంపారా?

చెర నుంచి తిరిగి వచ్చిన ప్రజలు ధర్మశాస్త్రం విని ఏడుస్తుంటే నెహెమ్యా, ఎజ్రా వారిని ఓదార్చి, పోయి మంచి భోజనం తినండి, తియ్యని పానీయం త్రాగండి, ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి భాగాలు పంపండి అన్న అర్థంతో ఆజ్ఞాపించారు (నెహెమ్యా 8:9-12). తినమని చెప్పిన నోటితోనే పంపమని చెప్పారు. ఆ రెండూ ఒకే ఆజ్ఞ. ఒకటి చేసి ఒకటి విడిచిపెడితే పండుగ సగమే అయినట్టు.

తోబీతు గ్రంథం రెండవ అధ్యాయం ఇంకా ముందుకు పోతుంది. పెంతెకోస్తు పండుగనాడు తోబీతు ముందు మంచి భోజనం పెట్టారు. పళ్ళాలు చూడగానే అతనికి గుర్తుకొచ్చింది ఆకలి కాదు. కుమారుడు తోబియాను పిలిచి, మనవారిలో దేవుని మరువని పేదవానిని వెదకి తీసుకొని రా, నువ్వు వచ్చేదాకా నేను తినను అని కూర్చున్నాడు. కుమారుడు తిరిగివచ్చి, మనవాడొకడిని చంపి సంతవీధిలో పారవేశారని చెప్పాడు. తోబీతు ముద్ద నోట పెట్టకుండా లేచిపోయి, ఆ శవాన్ని తెచ్చి ఒక గదిలో ఉంచి, ప్రొద్దు క్రుంకిన తరువాత పాతిపెట్టాడు. ఇరుగుపొరుగువారు అతన్ని చూసి నవ్వారు. కాని పండుగ పళ్ళెం ముందు వీధిని మరువని ఆ మనిషి పేరు మీద ఒక పవిత్ర గ్రంథమే వెలిసింది.

ఇక రూతు సంగతి. బోవసు పొలంలో పేలాలు తిని తృప్తిపడి, మిగిలినది దాచుకొని, సాయంత్రం ఇంటికి పోయి అత్త నయోమికి ఇచ్చింది (రూతు 2:14-18). కొడుకు చనిపోయిన ముసలి అత్తకు పరదేశి కోడలు మూటగట్టి తెచ్చిన అన్నం అది. దేవుడు ఆ కోడలి వంశంలోనే దావీదును, ఆ వంశంలోనే మన ప్రభువును పుట్టించాడు.

మన ప్రభువు చెప్పిన మాట ఎంత సూటిగా ఉందో మీకు తెలుసు. విందు చేసినప్పుడు తిరిగి పిలవగల మిత్రులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని కాదు, పేదలను, వికలాంగులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువమన్నాడు (లూకా 14:12-14). బదులు ఇవ్వలేనివారిని పిలిస్తేనే బదులు దేవుని దగ్గర నిలువ ఉంటుంది. 2013 డిసెంబరు 17న తన 77వ పుట్టినరోజున ఫ్రాన్సిస్ జగద్గురువులు వాటికను చుట్టుపక్కల వీధులలో పడుకునే కొందరు నిరాశ్రయులతో కలిసి ఉదయపు ఫలహారం తీసుకున్నారు. లోకమంతటి నుంచి శుభాకాంక్షలు వస్తున్న రోజున ఆయన వారి పక్కన కూర్చున్నారు.

మిగిలినదాన్ని గురించి కూడా ఒక మాట. అయిదు రొట్టెలు, రెండు చేపల అద్భుతం తరువాత ఏదీ వ్యర్థం కాకుండా ముక్కలు ఏరమని ప్రభువు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి (యోహాను 6:12-13). లేనిదానిని పుట్టించగలవాడే మిగిలినదాన్ని పారవేయనివ్వలేదు! ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022లో లోకంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. పెద్ద హోటళ్ళలో కాదు, మనవంటి ఇళ్ళలో. పది మందికి ఇరవై పొట్లాలు తెప్పించి, మరునాడు వాసన చూసి బజారులో పారవేస్తే, ఆ ఇరవైలో పది ఎవరివి? పారవేసిన అన్నం పేదవాని పళ్ళెం నుంచి దొంగిలించినట్టేనని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2013లోను, 2015 నాటి లౌదాతో సీ విశ్వలేఖలోను చెప్పారు.

అన్నం తెచ్చి వాకిట్లో నిలబడిన కుర్రవానిని కూడా చూడండి. ఆ రాత్రి అతడు ఎన్ని ఇళ్ళకు విందు మోస్తున్నాడో, అతడు తిన్నాడో లేదో మనం అడగం. పొట్లం లెక్క చూస్తాం, చిల్లర లెక్క చూస్తాం, తలుపు వేస్తాం. మంచినీళ్ళు ఇచ్చి, "తమ్ముడూ, మా బిడ్డ పుట్టినరోజు, ఒక కేకు ముక్క తినిపో" అంటే ఎంత ఖర్చవుతుంది? ఆకలిగొన్నవాని రూపంలో, పరదేశి రూపంలో తానే వచ్చానని తీర్పుదినాన చెప్పబోయే ప్రభువు (మత్తయి 25:35) మన గడపదాకా వచ్చి తిరిగిపోకూడదు.

ఇంట్లో ఇట్లా చేయండి

ఈ క్రింది నాలుగు పనులు మీ ఇంట్లో అలవాటు చేసుకోండి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

1. పుట్టినరోజున వీలైతే దివ్యపూజలో పాల్గొనండి. వీలుకాకపోతే విందుకు ముందు కుటుంబమంతా నిలబడి పరలోక జపం, మంగళవార్త జపం చెప్పండి. ఇంటి పెద్దలు బిడ్డ నొసట సిలువ గురుతు వేసి దీవించాలి. తాతకు, అవ్వకు ఆ హక్కు ముందు.

2. విందులో ఒక్కటైనా ఇంటి వంట ఉండనివ్వండి. బయటి అన్నం వచ్చినా పొట్లాలుగా పంచకుండా పెద్ద గిన్నెలోకి తీసి, అందరూ ఒక్కచోట కూర్చుంటే గరిటెతో వడ్డించండి. అంతవరకు తల్లి నిలబడి ఉండకూడదు. వడ్డించే పని ఆ రోజు తండ్రిది, మగపిల్లలది కావాలి.

3. మొదటి వాటా ఇంట్లోవారు తినకముందే బయటికి పోవాలి. మిగిలినది కాదు, మొదటిది. పక్కింటి విధవరాలికో, మంచాన పడ్డవానికో పుట్టినరోజు బిడ్డచేతనే పంపించండి. ఇచ్చే చేతికి ఆ వయసులోనే అలవాటు కావాలి.

4. బిడ్డ జ్ఞానస్నాన దినాన్ని కూడా తెలుసుకోండి. 2014 జనవరి 8న ఫ్రాన్సిస్ జగద్గురువులు విశ్వాసులను ఇదే అడిగారు, తెలియనివారు ఇంటికి పోయి కనుక్కోవాలన్నారు. పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1979 జూన్ 7న తన సొంత ఊరు వాడోవీత్సెకు పోయినప్పుడు, తాను స్నానం పొందిన తొట్టి ముందు మోకరించి ముద్దుపెట్టుకున్నారు. మీ బిడ్డ తేదీ మరచిపోతే విచారణకు రండి. పుస్తకం తెరిచి చూపిస్తాం. ఆ రోజు కేకు అక్కరలేదు. జ్ఞానస్నానంనాటి కొవ్వొత్తి ఉంటే వెలిగించండి, ఊది ఆర్పకండి.

రాని వారి కోసం

చివరగా ఒక పాత సంగతి. పునీత జస్టిన్ పాలస్తీనాలో పుట్టిన తత్వవేత్త. ఎన్నో తత్వశాస్త్ర మార్గాలు వెదకి, చివరికి క్రీస్తులో సత్యం కనుగొని, రోములో బోధించి, వేదసాక్షిగా మరణించాడు. సుమారు క్రీ.శ. 155లో రోము చక్రవర్తికి వ్రాసిన విన్నపంలో, క్రైస్తవులు ఆదివారం ఏమి చేస్తారో ఆయన వివరించాడు. అందరూ ఒక్కచోట కూడుతారు, ప్రవక్తల, అపొస్తలుల వ్రాతలు చదువుతారు, రొట్టె, ద్రాక్షారసం అర్పిస్తారు, అందరూ స్వీకరిస్తారు. తరువాత రానివారికి డీకన్లు ఆ భాగాన్ని తీసుకొని పోతారు. కలిగినవారు ఇచ్చిన కానుకలతో అనాథలను, విధవలను, రోగులను, ఖైదీలను, పరదేశులను ఆదుకుంటారు. శ్రీసభ దివ్యభోజనంలో మొదటినుంచీ రెండు కదలికలు ఉన్నాయన్నమాట. లోపలికి వచ్చినవారు తినడం ఒకటి, రాలేనివారికి మోసుకొని పోవడం రెండవది. నేటికీ గురువులు, ఉపదేశకులు ఊరూరికీ దివ్యసత్ప్రసాదం తీసుకొని రోగుల మంచాల దగ్గరికి పోవడం ఆ రెండవ కదలికే.

మన వంటగదిలో మనం చేయని రొట్టెను, మన అర్హత చూడకుండా, దేవుడు మన దగ్గరికి పంపాడు. దివ్యబల్ల దగ్గర మనమందరం పెట్టినది తినేవారమే. అటువంటప్పుడు ఇంటి బల్ల మీద పొట్లాన్ని చూసి గర్వపడడానికి గాని, చిన్నబుచ్చుకోవడానికి గాని మనమెవరం? వచ్చిన అన్నానికి వందనం చెప్పి, పక్కన ఉన్నవారితో పంచుకొని, రానివారికి వాటా తీసి పెట్టడమే మన పని.

పేదవాని బిడ్డ పేరును లోకం మరచిన కాలంలో శ్రీసభ తన పుస్తకంలో వ్రాసుకున్నదని మొదట చెప్పాను. మీ ఇంటి విందులో కూడా అటువంటి ఒక పుస్తకం ఉండాలి. పిలవడం మరచినవారి పేర్లు, తిని ఎన్నాళ్ళయిందో తెలియనివారి పేర్లు అందులో ఉండాలి. ఈ ఏడు మీ బిడ్డ పుట్టినరోజుకు పార్సిల్ లెక్క చెప్పేటప్పుడు, చుట్టాల సంఖ్యకు ఒకటి కలిపి చెప్పండి. ఆ ఒక్కటి ఎవరిదో మీ బిడ్డనే అడగండి. పిల్లలకు తెలుస్తుంది.

ప్రభువు మీ కుటుంబాలను, మీ బిడ్డల ప్రతి ఏడును దీవించును గాక. ఆమెన్.